పెద్దమ్మ ట్యూబు

నిన్న సాయంత్రం మా వీధి మలుపులో ఉన్న మెడికల్ షాపుకి ఒక అమ్మాయి చంకలో పసిపిల్లను వేసుకుని వచ్చింది. "అన్నా, పెద్దమ్మ ట్యూబు ఒకటియ్యి" అంది.

నేను జ్వరం సిరప్పు కోసం నిలబడి ఉన్నాను. షాపాయన ఏ ట్యూబని అడగలేదు. ఎవరికని అడగలేదు. వెనక అరలోంచి ఆకుపచ్చ మూత ఉన్న ట్యూబు తీసి గాజుబల్ల మీద పెట్టి, "పెద్దదా, చిన్నదా?" అని మాత్రం అడిగాడు.

ఆ పసిదాని బుగ్గలు మైనం రుద్దినట్టు నున్నగా, ఎర్రగా మెరుస్తున్నాయి. చూసినవాళ్ళెవరైనా ఎంత ముద్దుగా ఉందో అనుకుంటారు. ఆ మెరుపేమిటో నాకు తెలుసు. ఐదేళ్ళ కిందట నా బిడ్డ బుగ్గల మీద అదే మెరుపు చూసి నేనూ మురిసిపోయాను.

"పసిపిల్లకు గీ ట్యూబు ఇస్తవా అన్నా? డాక్టర్ చిట్టీ అడగవా?" అన్నాను.

ఆయనకు నేను కొత్త కాదు. విసుగ్గా నవ్వాడు. "మేడం, ఇన్నేండ్ల సంది పెద్దమ్మ తీస్కపోయింది. వాడకట్టంత వెట్టింది. ఎవరన్నా సచ్చిన్రా?"

నా గొంతు పెద్దదైంది. నేనేమన్నానో ఇక్కడ రాయను. షాపు ముందు ఆగినవాళ్ళు మా ఇద్దరి వంకా వింతగా చూశారు. నేను ఆయనతో కొట్లాడుతూ ఉండగానే ఆ అమ్మాయి ట్యూబు జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు. కోపం షాపాయన మీదా, ఆ అమ్మాయి మీదా అని సర్దుకోబోయాను గానీ కుదరలేదు. నా కోపం పెద్దమ్మ మీద. ఆమె పోయింది ఈ ఎండాకాలంలోనే. పోయాక కూడా ఆమె మందు అంగట్లో ఆమె పేరుతో అమ్ముడుపోతోంది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నాచారంలో మేము అద్దెకున్న ఇంటి ఓనరు. చుట్టూ వాటాలు, మధ్యలో గచ్చు వాకిలి, ఆ వాకిలిలో నీళ్ళ హౌజు. వాటాల్లో అందరూ జిల్లాల నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ళే. మాది హనుమకొండ. నేను డిగ్రీ చదివానని, ఉప్పల్లో ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటానని ఆ వాకిట్లో నాకు కొంచెం మర్యాద ఉండేది. పెద్దమ్మకు మాత్రం అదేమీ పట్టేది కాదు. నా మొహం మీదే "సదివినోళ్ళకు సల్ల పడదు, సద్దన్నం అర్గదు" అనేది.

ఆమె మనిషి పొడుగు, దిట్టం. వాళ్ళది ఈ ఊరే, బస్తీ కాక ముందు నుంచీ. "గా ఫ్యాక్టరీ గోడ ఉన్న కాడ మా వంకాయ మడి ఉండె" అని రోజుకొకసారైనా చెయ్యి చాపి చూపించేది, ఆ గోడ అవతల ఇంకా వంకాయలు కాస్తున్నట్టే. పొద్దున హౌజు గట్టు మీద కూర్చుందంటే ఆమె చూపు దాటుకుని ఎవరూ గేటు దాటలేరు. ఎవరి నడకలో తేడా ఉంది, ఎవరు మెడ గోక్కుంటున్నారు, ఎవరి పిల్ల ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది, అన్నీ ఆమెకు కావాలి. "ఇటు రా. సూపియ్యి." అంతే. చూపించాల్సిందే. రంగుల ఫ్యాక్టరీలో చేతులు పాసిపోయినవాళ్ళు, దోమలు కుట్టిన పిల్లలు, బొట్టుబిళ్ళ పెట్టిన చోట నొసలు నల్లగా కమిలిన ఆడవాళ్ళు, అందరూ ఆమె ముందు వరసగా నిలబడేవాళ్ళు.

హౌజు గట్టు మీద గులాబి రంగు సబ్బుపెట్టె ఒకటుండేది. అందులో సబ్బు ఎప్పుడూ లేదు. ట్యూబు ఉండేది. ఆ మందు పేరేమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు. ఆకుపచ్చ మూత. అదే గుర్తు. అయిపోగానే ఎవరో ఒకరి చేతికి ఖాళీ ట్యూబు ఇచ్చి, "మూత సూసి తే. పచ్చది గాకుంటె వాపస్ తీస్కపో" అనేది.

ఎవరైనా "నాకు చెమటకాయలు పెద్దమ్మా, వాళ్ళకు తామర, రెండిటికీ ఒకటే మందా?" అని అడిగితే, "దురదకు కులమా, గోత్రమా? దురదంటె దురదే" అనేది. వాకిలంతా నవ్వేది. నేనూ నవ్వాను చాలాసార్లు.

ఆమె మందు పెట్టే తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ముందు గాజులు మోచేతి దాకా ఎగదోసుకునేది. ట్యూబును అడుగు నుంచి మడత పెట్టుకుంటూ వచ్చి, శనగగింజంత కాదు, చింతగింజంత తీసేది. మెత్తగా, ఓపిగ్గా రాసి, "ఉఫ్" అని ఊదేది. "గోకకు బిడ్డా. తట్టు" అని, ఎలా తట్టాలో తన రెండు వేళ్ళతో చూపించేది. అంతా అయ్యాక వేలికి మిగిలిన మందుంటుంది కదా, దాన్ని కడుక్కునేది కాదు. "పారబోస్తె పాపం" అంటూ ముందు తన ఎడమ ముంజేతికి, తర్వాత రెండు బుగ్గలకీ పులుముకునేది. రోజుకు ఎంతమందికి పెడితే అన్నిసార్లు, ఏళ్ళ తరబడి.

"మా పెద్దమ్మ మొకం సూడు, దానిమ్మ గింజ లెక్క ఎట్ల మెరుస్తదో" అనేవాళ్ళు కోడళ్ళు. ఆ బుగ్గల మీద దారప్పోగుల్లాంటి ఎర్రటి నరాలు ఉండేవి. ఎడమ ముంజేయి అయితే వేరే మనిషిది తెచ్చి అతికించినట్టు ఉండేది. పల్చగా, మెరుస్తూ, గాజు తగిలినా ఊదా రంగులో కందిపోతూ. "ముసలితనం బిడ్డా" అనేది. ముసలితనం ఎడమచేతికే వచ్చి కుడిచేతికి ఎందుకు రాలేదో నాకు అప్పుడు తట్టలేదు.

మా పక్క వాటాలో భువనగిరి నుంచి వచ్చిన మల్లేశన్న ఉండేవాడు. వానాకాలం ఆయన నడుం చుట్టూ తామర లేచింది. పెద్దమ్మ పిలిచింది, పెట్టింది. నాలుగు రోజుల్లో దురద పోయింది. మల్లేశన్న ఆమెకు దండం పెట్టాడు. పది రోజులకు మళ్ళీ వచ్చింది, ఇంకొంచెం పెద్దగా.

"మల్ల వస్తె మల్ల వెట్టు" అంది పెద్దమ్మ.

ఈ మాట ఆమె ఎన్నిసార్లు అందో. దురద ఎందుకు మళ్ళీ వచ్చిందని ఒక్కసారి అనుమానపడలేదు. ఆ ఏడాది గడిచేసరికి మల్లేశన్న నడుం మీది తామర వీపు మీదికి, తొడల మీదికి పళ్ళాలంత చుట్లుగా పాకింది. వాళ్ళావిడకీ, పిల్లలకీ అంటింది. ట్యూబు దురదను అణుస్తుంది, లోపల తామరను మేపుతుంది అని తర్వాత డాక్టరమ్మ చెబితే నాకు తెలిసింది. అప్పుడు మాత్రం వాకిట్లో అందరూ, "మల్లేశ్‌కు ట్యూబు పడ్తలేదు, వాని రక్తమే అసొంటిది" అనుకున్నారు. తప్పు రక్తానిది. ట్యూబుది కాదు!

మా పాప పుట్టిన ఆర్నెల్లకు దాని బుగ్గలు ఎర్రబారడం మొదలైంది. ముందు గరుకు, తర్వాత పగుళ్ళు, తర్వాత రసి. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనకా. అది పక్కగుడ్డకు మొహం రుద్దుకుంటూ ఏడ్చేది. నేను చేతులకు బట్ట సంచులు కట్టి పడుకోబెట్టేదాన్ని. మా అమ్మ ఫోన్లో కొబ్బరినూనె అంది, అత్తమ్మ శనగపిండి అంది. సెలవు అయిపోయి నేను ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. పగలంతా పాపను చూసుకునేది పెద్దమ్మే. ఆ మాట కూడా చెప్పాలి. నా బిడ్డకు ఉగ్గు పెట్టింది, స్నానం పోసింది, తన పొట్ట మీద బోర్లా పడుకోబెట్టుకుని నిద్రపుచ్చింది. అందుకు ఏమీ ఆశించలేదు.

కొన్నాళ్ళకు పాప బుగ్గలు తేటపడ్డాయి. కొబ్బరినూనె పనిచేసిందని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

రాష్ట్రం కోసం బందులు జరుగుతున్న రోజులవి. ఒకరోజు ఉన్నట్టుండి మధ్యాహ్నానికే బస్సులు ఆగిపోతాయన్నారు. ఆఫీసు మూసేశారు. ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా నడిచి, చెమటతో తడిసి గేటు తీసేసరికి, హౌజు గట్టు మీద పెద్దమ్మ, ఆమె ఒళ్ళో నా పాప. గాజులు మోచేతి దాకా ఎగదోసి ఉన్నాయి. వేలి మీద చింతగింజంత తెల్లటి మందు. అది నా బిడ్డ బుగ్గ మీద.

"పెద్దమ్మా! ఏం వెడ్తున్నవ్?"

"ఏం లేదు బిడ్డ. ట్యూబే. నువ్వు పోయినంక రోజు వెడ్తున్న. సూడు, ఎంత నున్నగైందో నా తల్లి. నీ కొబ్బరినూనెతోని అయితదా?"

రోజూ. నాకు చెప్పకుండా. నేను మురిసిపోయిన ఆ నునుపు కొబ్బరినూనెది కాదు. పాపను లాక్కున్నాను. "నా బిడ్డకు నన్ను అడగకుండ ఎట్ల వెడ్తవ్?" అన్నాను. ఆమె మొహంలో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కనిపించింది. అడగడమేమిటి? మంచి చేయడానికి కూడా అడగాలా?

మర్నాటి నుంచి ట్యూబు ముట్టనివ్వలేదు. మూడో రోజుకు పాప మొహం మండిపోయింది. అంతకు ముందెన్నడూ లేనంతగా వాచి, కళ్ళు మూసుకుపోయేటంతగా. వాకిట్లో వాళ్ళందరి తీర్పూ ఒకటే. "పెద్దమ్మ వెడ్తుంటె మంచిగనే ఉండె. ఈమె బందు వెట్టి పిల్లను ఆగం జేసింది."

ఏఎస్ రావు నగర్‌లో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నేను ఖాళీ ట్యూబు కూడా పట్టుకెళ్ళాను. ఆమె దాన్ని దీపం కిందికి జరిపి చదివింది.

"ఇందులో మూడు మందులు కలిపారమ్మా. వాటిలో ఒకటి గట్టి స్టెరాయిడ్. పెద్దవాళ్ళకే మొహానికి రాయకూడదు. ఏడాది నిండని పిల్ల బుగ్గలకు రోజూ రాశారా?"

నేను ఏడ్చేశాను. "ఇంక స్టెరాయిడ్ అన్నదే ముట్టుకోను మేడం. ఏదైనా ఆకులతో, నూనెతో..."

డాక్టరమ్మ ఆ మాటకు ట్యూబును చూసినప్పటికన్నా ఎక్కువ కోప్పడింది. "అదిగో, మీరు ఇంకో గట్టుకి దూకుతున్నారు. మీ పాపది ఎగ్జిమా అనే చర్మపు జబ్బు. చర్మం లోపల మంట ఉంది. ఆ మంట ఆర్పకపోతే గోకి గోకి పుండ్లవుతాయి, చీము పడుతుంది, నిద్ర ఉండదు. మంట ఆర్పేది స్టెరాయిడే. కానీ ఏ రకం, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు? ఈ నాలుగూ తెలియకుండా రాస్తేనే ప్రమాదం. తెలిసి రాస్తే అది మందు."

నా చూపుడువేలు పట్టుకుని, కొస నుంచి మొదటి గీత దాకా గీసి చూపించింది. "ఇంత గీత తీస్తే, మీ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. పాప బుగ్గలకు దాంట్లో చిన్న ముక్క చాలు. ఎర్రగా ఉన్నచోటే, పల్చగా, రోజుకొకసారి. నేను రాసేది అన్నిటికన్నా తేలిక రకం. తగ్గాక ఎలా మానాలో నేను చెబుతాను, మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. లంగోటీ కింద రాయొద్దు, బట్ట బిగుసుకుంటే మందు బలం పెరుగుతుంది. ఎరుపు ఉన్నా లేకపోయినా చర్మానికి తేమ ఇచ్చే క్రీము మాత్రం రోజంతా, స్నానం కాగానే, ధారాళంగా. పిసినారితనం స్టెరాయిడ్ దగ్గర చూపించండి, దీని దగ్గర కాదు. ఇంకోటి. ఒకరి ట్యూబు ఇంకొకరికి రాయొద్దు."

పాపను ఎత్తుకుని బయటికొస్తుంటే నాకు ధైర్యం వచ్చినట్టే అనిపించింది. ఆ ధైర్యం ఇంటి గేటు దాకే.

మందుతో వచ్చిన కాగితం మా ఆయన వాకిట్లో నిలబడి చదివి, "ఇది గూడ స్టెరాయిడేనంట" అన్నాడు. పెద్దమ్మ హౌజు గట్టు మీద నుంచి దిగ్గున లేచింది.

"స్టెరాయిడా! ఏం పోరివే నువ్వు? టీవీల సూస్త లేవా? గవి తిని ఆటగాళ్ళు మెడళ్ళు పోగొట్టుకుంటున్నరు. పసిదాని మొకానికి స్టెరాయిడ్ వెడ్తవా? ఏ డాక్టరే అది, కసాయిదా?"

"పెద్దమ్మా, నీ పచ్చ మూతల ఉన్నది గూడ గదే. దీనికి తాత అది."

"నాది స్టెరాయిడ్ గాదు!" అని సబ్బుపెట్టె తీసి నా మొహం ముందు ఆడించింది. "నాది ట్యూబు!"

అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. ఆ ట్యూబు లాక్కుని, దాని మీద ఇంగ్లీషులో ఉన్న చిన్న అక్షరాలను గట్టిగా చదివి, ఒక్కొక్క మాటకూ తెలుగు చెప్పాను. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని ఎత్తి అందరికీ చూపించాను. "ముసలితనం గాదు ఇది. వేలికి మిగిలింది రోజు ఈడ పూసుకున్నవ్. కుడిచెయ్యి సూడు, ఈ చెయ్యి సూడు. మొకం మీద నరాలు సూడు. మల్లేశన్నను సూడు. నీకు నువ్వు చేసుకున్నది సాలదా, నా బిడ్డకు గూడ చేస్తవా?"

పెద్దమ్మ చెయ్యి విడిపించుకుని కొంగులో దాచుకుంది. "నలుగురిని కని సాదిన. నాకు సదువు జెప్పొచ్చినవా?" అని లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. ఆ ఇంట్లో పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా నేను చూడటం అదే మొదలు.

పాపను చూసుకోవడానికి మా అమ్మను పిలిపించుకున్నాను. పెద్దమ్మా నేనూ మాట్లాడుకోలేదు. పాప బుగ్గలు డాక్టరమ్మ చెప్పినట్టే నెమ్మదిగా, చాలా నెమ్మదిగా చల్లబడ్డాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని పడుకున్న వేళ, మా వాటా తలుపు మెల్లగా కొట్టారు. తీస్తే పెద్దమ్మ, తల మీదుగా ముక్కు దాకా కొంగు కప్పుకుని. లోపలికొచ్చి కొంగు తీసింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మొహమంతా నిప్పుల మీద కాల్చినట్టుంది. వాచిన కళ్ళు, బుగ్గల మీద చీము పొక్కులు, మెడ దాకా ఎరుపు.

"నువ్వన్నవని బందు వెట్టిన" అంది. "ఆ దినం సందే వెట్టలె. ఒక్కనాడు గూడ వేలు వెట్టలె. సూడు ఏమైందో. మంట, బిడ్డ. నిద్ర లేదు."

ఆమె నా మాట వింది. అందరి ముందూ చెయ్యి పట్టుకుని అవమానించిన నా మాట. నా మీద అరవడానికి రాలేదు. ఇప్పుడేం చేయాలో చెప్పమని వచ్చింది. ఆ నోటి నుంచి "ఇప్పుడెట్ల?" అన్న ప్రశ్న నేను ఎన్నడూ విని ఉండలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆటోలో ఆమెను అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏళ్ళ తరబడి రాసి ఒక్కసారిగా మానితే చర్మం ఇలాగే తిరగబడుతుందని చెప్పింది. మందులు రాసింది. తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది, మధ్యలో ఇంకా ఎర్రబడొచ్చు, భయపడి మళ్ళీ ఆ ట్యూబు జోలికి పోతే మొదటికొస్తుంది అని రెండుసార్లు చెప్పింది. పెద్దమ్మ బుద్ధిగా తల ఊపింది. వచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల ఆనించి, "డాక్టరమ్మ మంచిదే. కసాయిది గాదు" అంది.

కొన్ని వారాలు ఓర్చుకుంది. నిజంగానే ఓర్చుకుంది. తడిగుడ్డ మొహం మీద వేసుకుని పడుకునేది. వేళ్ళతో తట్టుకునేది, గోకేది కాదు. కానీ ఆ ఇంటికి వచ్చిపోయే ఒక్కొక్కరూ, "అయ్యో, మొకం గట్లయిందేంది? మంచిగుండె గదా!" అనేవాళ్ళు. సొంత కోడలే, "సదువుకున్నామె మాట ఇని అత్తమ్మ మొకం పాడువెట్టుకుంది" అని వాకిట్లో నాకు వినబడేలా అంది. ఇంతలో ఘట్‌కేసర్‌లో ఆమె చెల్లెలి కొడుకు పెళ్ళి వచ్చింది.

"గీ మొకంతోని పోతనా? పెద్దమ్మను. పెండ్లి పందిట్ల ముందుండి పోలు ముంత పట్టాలె నేను" అంది నాతో.

"కొంగు కప్పుకొని పో. పోకున్నా మంచిదే. ఇంకొన్ని దినాలు ఆగు పెద్దమ్మా, సగం దాటినం."

"ఆగుత బిడ్డ, ఆగుత" అంది.

పెళ్ళి నాడు ఆమె పట్టుచీర కట్టుకుని గేటు దాటుతుంటే చూశాను. బుగ్గలు దానిమ్మగింజల్లా మెరుస్తున్నాయి. నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. హౌజు గట్టు మీద సబ్బుపెట్టె మూత తెరిచి ఉంది.

ఎందుకు ఆగలేకపోయావు పెద్దమ్మా? వంకాయ మడికి నీళ్ళు పెట్టి పూత కోసం, పిందె కోసం నెలలు కాచుకున్నదానివి. నీ చర్మం కోసం ఆ మాత్రం కాచుకోలేకపోయావా? ఇప్పటికీ ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. ఆమె మీద కోపం వస్తుంది. ఆమెను ఆగనివ్వని చుట్టాల మీద వస్తుంది. గట్టి స్టెరాయిడ్‌ను చాక్లెట్టులా చేతిలో పెట్టే షాపుల మీద, డాక్టరు చిట్టీ లేకుండా అమ్మకూడదని ట్యూబు మీదే అచ్చువేసి అమ్మించే కంపెనీల మీద వస్తుంది. వచ్చి ఎక్కడికి పోతుంది? మళ్ళీ నా దగ్గరికే.

ఆ తర్వాతి ఏడాది మేము ఇల్లు మారాం, నాలుగు వీధుల అవతలికి. ఆమె ఎదురుపడితే పాపను ఎత్తుకునేది, ఎడమచెయ్యి కొంగులో దాచుకుని. ట్యూబు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఆమె ట్యూబు వల్ల చావలేదు. గుండె ఆగి పోయింది. అబద్ధం చెప్పి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కబురు అందగానే వెళ్ళాను. వాకిట్లో హౌజు పక్కనే స్నానం పోయించారు. నలుగురైదుగురం ఆడవాళ్ళం చీరలు అడ్డం పట్టుకున్నాం. కోడలు పసుపు రాస్తూ ఎడమ ముంజేయి దగ్గరికొచ్చింది. అరచేత్తో ఒక్కసారి రుద్దగానే ఆ చర్మం తడి కాగితంలా జారి, చిరిగి వచ్చింది.

"మెల్లగ!" అని అరిచాను. "ఆ చెయ్యి మెల్లగ!"

కోడలు తలెత్తి నన్ను చూసింది. "సచ్చినంక నొప్పేందక్కా?" అంది.

ఆమె చేతిలోంచి పసుపు తీసుకుని ఆ ఒక్క చేతికి నేను రాశాను. రుద్దలేదు. వేళ్ళతో తట్టాను.

నిన్న షాపు దగ్గర జరిగిందంతా ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "ఊరంత నీ బిడ్డలేనా? పోనియ్యి" అన్నాడు. పోనివ్వలేకపోయాను. ట్యూబును పెద్దమ్మ పేరుతో అడిగిందంటే ఆ అమ్మాయి ఆ వాకిటి మనిషే అయి ఉండాలి. ఈ రోజు ఆదివారం. పొద్దున పాపను తీసుకుని ఆ పాత ఇంటికి వెళ్ళాను. గేటు తీయగానే ముందు కనబడింది హౌజు గట్టు మీద గులాబి సబ్బుపెట్టె. అక్కడే ఉంది, అదే చోట.

ఆ అమ్మాయి ఉంటున్నది మల్లేశన్న వాళ్ళు ఖాళీ చేసిన వాటాలో. జనగామ వైపు నుంచి వచ్చారట. నన్ను గుర్తుపట్టి బెదిరింది. నేను అరవలేదు. అరిస్తే ఏమవుతుందో చూసినదాన్ని. గడప మీద కూర్చుని, "బుగ్గలు ఎప్పటిసంది గిట్లున్నయి?" అని అడిగాను.

"ఎండలప్పుడు లేసినయక్కా. పెద్దమ్మే వెట్టింది, పోయే ముందు. 'గోకనియ్యకు, తట్టు' అని నేర్పింది. ఆమె వెడ్తె మంచిగైతుండె. ఆపితె మల్ల లేస్తున్నయి. 'మల్ల వస్తె మల్ల వెట్టు' అని గూడ చెప్పింది." ఆమె గొంతులో కృతజ్ఞత. "తల్లి లెక్క సూసిందక్కా మమ్ముల."

"నన్ను గూడ సూసింది" అన్నాను. అది నిజమే.

అప్పుడు చెప్పాను. మా పాప బుగ్గల సంగతి, మల్లేశన్న నడుం సంగతి, ఎడమ ముంజేయి సంగతి. ఇన్నాళ్ళూ రాసిన మందును నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానొద్దు, రేపు నాతో డాక్టరమ్మ దగ్గరికి రా, ఎలా తగ్గించాలో, దాని బదులు ఏది ఎంత రాయాలో ఆమె చెబుతుంది అన్నాను. అప్పుడు మానమని అరిచిన నోటితోనే ఇప్పుడు ఈ మాట. మా పాప నా పక్కన నిలబడి, అడగకుండానే తన చూపుడువేలు చాపి, "ఇంతే వెయ్యాలె ఆంటీ. గీత దాక" అంది. దానికి ఆ గీత తన పేరు కన్నా ముందు వచ్చింది.

ఆ అమ్మాయి తల ఊపుతూనే ఉంది. అన్నీ అర్థమైనట్టే, పెద్దమ్మ ఆనాడు డాక్టరమ్మ ముందు ఊపినట్టే. ఊపుతూ ఊపుతూ, నేను వచ్చేముందు పిల్లకు రాస్తూ ఆపేసినట్టుంది, కుడి చూపుడువేలికి ఇంకా తెల్లగా అంటుకుని ఉన్న మందును చూసుకుంది. గాజులు కొంచెం ఎగదోసుకుంది. ఆ వేలు తన ఎడమ ముంజేతి వైపు తీసుకుపోయింది.

గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏమైందక్కా? పారబోస్తె పాపం గదా..."

"పాపం గాదు" అని ఆ వేలిని నా కొంగుతో తుడిచాను. గోరు కింద కూడా మిగలకుండా తుడిచాను. తర్వాత హౌజు గట్టు మీది సబ్బుపెట్టె తీసి, ట్యూబుతో సహా నా సంచిలో వేసుకున్నాను, డాక్టరమ్మకు చూపించడానికి. చుట్టూ వాటాల తలుపుల్లోంచి చూస్తున్నారు. ఎవరో "పెద్దమ్మ పెట్టె అది!" అన్నారు.

"తెలుసు" అన్నాను. "రేపు తొమ్మిదింటికి ఆటో తెస్త. తయారుగుండు."